ఉంచుకునుడా, తోలుడా: వయసు మీద పడ్డ హాకీ స్టార్ సంగతి తేల్చుకునే పద్ధతి

ప్రతి ఏడాది ఫిబ్రవరిలో టొరంటో నుంచి మా చిన్నాయన కొడుకు ఫోన్ చేసి, బాగున్నావా అని కూడా అడగకుండా, "అన్నా, ముసలోన్ని ఉంచుకునుడా, తోలుడా?" అని మొదలుపెడతాడు. పక్కనున్నవాళ్ళు మేము ఎద్దు బేరం మాట్లాడుకుంటున్నామనే అనుకుంటారు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర టీ కొట్టులో ఒక పెద్దాయన ఫోన్ పెట్టేసేదాకా ఆగి "ఎన్ని పళ్ళేసింది బిడ్డా?" అని అడిగాడు కూడా. 36 ఏండ్ల మనిషి గురించి మాట్లాడుతున్నామని చెప్పలేక నవ్వి ఊరుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఆయన అడిగిందే సరైన ప్రశ్న అనిపించింది, దాని సంగతి కిందికి వస్తుంది.

మాది ఎన్‌హెచ్‌ఎల్ పిచ్చి. ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదు, అమెరికా, కెనడాల్లో మంచు మీద స్కేట్లు కట్టుకుని ఆడేది. 32 జట్లు, ఒక్కో జట్టుకు ఎనభైకి పైగా ఆటలు, అన్నీ అయ్యాక ప్లేఆఫ్స్, చివరికి స్టాన్లీ కప్. అక్కడ సాయంత్రం 7 గంటల ఆట చలికాలంలో మనకు పొద్దున 5:30కు పడుతుంది, కోడి కూసే టైమే కాబట్టి చూడ్డం పెద్ద కష్టమేం కాదు. చుట్టాలం, స్నేహితులం కలిసి పది మందిమి, అక్కడి ఆటగాళ్ళ పేర్లతో ఉత్తుత్తి జట్లు కట్టుకుని, ఒక లీగ్ నడుపుకుంటున్నాం. మా జట్టులోని ఆటగాడు అక్కడ కొత్త కాంట్రాక్ట్ మీద సంతకం పెడితే, అదే జీతానికి, అన్నే ఏండ్లకు వాణ్ని ఉంచుకుంటామో వదులుతామో వారం లోపల చెప్పాలి. ఉంచుకుంటామన్నాక ఆ డబ్బు మా పర్సులో ఖర్చు కిందే ఉంటుంది, ఆటగాడు కూలబడినా సరే. ఇట్లాంటి లీగ్ ఆడేవాళ్ళకైనా, కంప్యూటర్ గేమ్‌లో మేనేజర్ కుర్చీలో కూర్చునేవాళ్ళకైనా, ఊరికే వాదించుకునేవాళ్ళకైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందే చెప్తున్నా, నేను ఇందులో మునిగినవాణ్నే. 2024 జూలై 1, కాంట్రాక్ట్ అయిపోయిన ఆటగాళ్ళ కోసం అక్కడ మధ్యాహ్నం 12కు బజారు తెరుస్తారు, మనకు రాత్రి 9:30. స్టీవెన్ స్టామ్‌కోస్ అని టాంపా బే కెప్టెన్, 2008 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్ళను జట్లు వంతుల వారీగా ఎంచుకునేది) అందరికన్నా ముందు ఆ జట్టు తీసుకున్నవాడు, ఆ ఒక్క జట్టుకే 555 గోల్స్ కొట్టి రెండు కప్పులు తెచ్చినవాడు, 34 ఏండ్ల వయసులో నాష్‌విల్‌కు వెళ్ళిపోయాడు. 4 ఏండ్లు, ఏడాదికి 80 లక్షల డాలర్లు. అంతకుముందు సీజన్లో 40 గోల్స్ కొట్టి ఉన్నాడు కాబట్టి నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు, ఉంచుకుంటున్నా అని గ్రూప్‌లో పెట్టేశాను. తర్వాతి సీజన్లో 82 ఆటలకు 82 ఆడి 27 గోల్స్. టాంపావాళ్ళు అదే రోజుల్లో జేక్ గెంట్‌జెల్‌ను తెచ్చుకుంటే అతను 41 కొట్టాడు. ఆ గెంట్‌జెల్ ఉన్నది మా చిన్నాయన కొడుకు జట్టులో, అది ఇంకో మంట.

40 గోల్స్‌ను విప్పి చూడండి

నేను చేసిన తప్పు ఏమిటంటే 40 అనే అంకెను మూటగానే చూశాను, విప్పలేదు. అందులో దాదాపు సగం పవర్ ప్లేలో వచ్చినవి. అంటే అవతలి జట్టులో ఒకడు ఫౌల్ చేసి పెట్టెలో కూర్చున్నప్పుడు, నలుగురి మీద అయిదుగురు ఆడేటప్పుడు. అప్పుడు స్టామ్‌కోస్ తనకు అలవాటైన చోట నిలబడి వచ్చిన పాస్‌ను వచ్చినట్టే కొడతాడు. నిలబడి కొట్టే చేతి పని తొందరగా పోదు, ముందు పోయేది కాళ్ళు. పైగా అక్కడ పాస్ ఇచ్చేవాళ్ళలో నికితా కుచెరోవ్ ఉన్నాడు, ఆ ఒక్క సీజన్లో 100 అసిస్టులు, అంటే గోల్ అయిన పాస్‌లు, చేసినవాడు. స్టామ్‌కోస్ నాష్‌విల్‌కు పోయాడు గాని కుచెరోవ్ పోలేదు కదా. వలపటి ఎద్దును చూసి దాపటి ఎద్దును కొన్నట్టయింది నా పని.

కాబట్టి మొదట చేయాల్సింది ఇది. ఒక్క సీజన్ కాదు, మూడు సీజన్ల లెక్క తీయండి. అయిదుగురి మీద అయిదుగురు ఆడేటప్పుడు వచ్చిన గోల్స్, అసిస్టులు వేరు చేయండి, వాటిని ఆడిన నిమిషాలతో పోల్చండి. మూడేండ్లూ దిగుతూ వస్తుంటే పవర్ ప్లే గోల్స్ ఎన్ని ఉన్నా అది దిగుడే. తర్వాత షాట్ల సంఖ్య. లీగ్ మొత్తం మీద పది షాట్లకు ఒకటి చొప్పున గోల్ పడుతుందనుకోండి. ఒకడు నిరుడు 200 షాట్లు కొట్టి 20 గోల్స్ చేసి, ఈసారి 150 షాట్లే కొట్టి 27 చేశాడంటే పేపర్లో అది ఎదుగుదల లాగా కనిపిస్తుంది. నిజానికి షాట్ కొట్టే జాగా దాకా పోలేకపోతున్నాడు, కొట్టినవి మాత్రం అదృష్టం కొద్దీ దూరుతున్నాయి. అమ్మేవాడికి అంతకన్నా మంచి రోజు రాదు. కొనేవాడివైతే ఫోన్ ఎత్తకు.

అంకెలు అయ్యాక కళ్ళతో చూడాలి. ఇది మా తాత దగ్గర నేర్చుకున్నది. దేవరకొండ దిక్కు మా ఊళ్ళో ఆయనకు రెండు ఎద్దులుండేవి, దాపటిది ముసలిదైంది. దున్నేటప్పుడు నేరుగా పోతుంటే తేడా తెలిసేది కాదు, అడుగులో అడుగు వేసేది. సాలు చివర మలుపు దగ్గర తెలిసేది. వలపటిది తిరిగి నిలబడేది, ఇది తిరిగేదాకా కాడి వంకరగా ఆగి ఉండేది, తాత ఏమీ అనకుండా నాగలి మీద చెయ్యి పెట్టుకుని నిలబడేవాడు. హాకీలో కూడా మలుపే చూడండి. పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) చేజారిన వెంటనే వెనక్కి తిరగడానికి ఎన్ని అడుగులు పడుతున్నాయి, మూలకు పోయిన పక్ దగ్గరికి ముందు చేరుతున్నాడా, అవతలివాడు తీసుకున్నాక చేరి కర్ర అడ్డం పెడుతున్నాడా, వరసగా రెండు రాత్రులు ఆటలుంటే రెండో రాత్రి మూడో పీరియడ్‌లో, అంటే ఆట చివరి భాగంలో, ఎట్లున్నాడు. వాళ్ళు ఒక విడతకు సుమారు 45 సెకన్లు ఆడి బెంచీకి వస్తారు, ఆ 45లో చివరి 15 సెకన్లు చూస్తే చాలు. గోల్స్ ముక్కలు ముక్కలుగా చూపించే వీడియోల్లో ఇది దొరకదు, వాటిలో అందరూ పాతికేండ్ల పిల్లల్లాగే ఉంటారు.

పళ్ళు

ఇప్పుడు టీ కొట్టు పెద్దాయన ప్రశ్న. శివరాత్రికి మేళ్ళచెరువు జాతరలో ఎద్దుల పందేలు చూసినవాళ్ళకు తెలుసు, అక్కడ పోటీ పెట్టేది పళ్ళను బట్టి: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. ఎద్దుకు ఎనిమిది పళ్ళు వచ్చేదాకా వయసు లెక్క చెప్పవచ్చు. అవి వచ్చేశాక లెక్కపెట్టడానికి ఏమీ మిగలదు, అప్పుడు చూసేది అరుగుదల. నోరు తెరిచి ఎంత అరిగాయో చూసి ధర చెప్తారు.

ఆటగాడూ అంతే. 27, 28 దాకా పుట్టిన తేదీ పనికొస్తుంది, ఫార్వర్డ్‌లు సాధారణంగా ఆ లోపలే తమ మంచి ఆట ఆడేస్తారు. 32 దాటాక ఇద్దరిదీ ఒకే వయసైనా ఇద్దరూ ఒకటి కాదు. 18 ఏండ్లకే లీగ్‌లోకి వచ్చి, ఏటా ప్లేఆఫ్స్‌లో జూన్ దాకా ఆడి, మోకాలికి రెండు ఆపరేషన్లు అయినవాడి 33కూ, 24కు వచ్చి నిమ్మళంగా ఆడినవాడి 33కూ పోలికే లేదు. ఆడిన ఆటల సంఖ్య, ప్లేఆఫ్స్‌తో కలిపి, ఒక కాగితం మీద రాయండి. పక్కనే దెబ్బలు రాయండి. తుంటి, మోకాలు, నడుం అయితే ఎర్ర సిరాతో. చెయ్యి విరగడం, దవడ పగలడం వంటివి పెద్దగా లెక్కపెట్టనక్కర్లేదు, అవి అతుక్కుంటాయి.

గడ్డివాము ఒక్కటే

మా తాత ఎద్దు ముసలిదైన ఏడు వానల్లేవు. ఇంటి వెనక వాము ఒక్కటే, కట్టలు లెక్కపెట్టి వేసేవాళ్ళం. ముసలిదానికి వేసిన ప్రతి కట్టా కోడెకు వేయని కట్టే. ఎన్‌హెచ్‌ఎల్‌లో శాలరీ క్యాప్ అంటే ఆ వాము. 2004-05 సీజన్ మొత్తం జీతాల తగాదాలో కొట్టుకుపోయాక, 2005-06 నుంచి జట్టు జీతాలకు గరిష్ఠ పరిమితి పెట్టారు, అప్పుడది 3.9 కోట్ల డాలర్లు. 2024-25కు 8.8 కోట్లు, 2025-26కు 9.55 కోట్లు. ఆ తర్వాత 2026-27కు 10.4, 2027-28కు 11.35 కోట్లుగా ముందే ప్రకటించారు.

అందుకే జీతాన్ని డాలర్లలో చూడకండి, వాములో ఎన్నో వంతు అని చూడండి. సిడ్నీ క్రాస్బీ జెర్సీ నంబర్ 87, పుట్టింది 1987 ఎనిమిదో నెల ఏడో తేదీ, జీతం కూడా క్యాప్ లెక్కలో ఏడాదికి సగటున 87 లక్షల డాలర్లు, 2008 నుంచి అదే. 2008-09లో క్యాప్ 5.67 కోట్లు కాబట్టి అతను ఒక్కడే 15 శాతం పైన తినేవాడు. 2024 సెప్టెంబర్‌లో, 37 నిండాక, అదే జీతానికి ఇంకో రెండేండ్లకు సంతకం పెట్టాడు, 2025-26 క్యాప్‌లో అది 9 శాతం మాత్రమే. జీతం కదల్లేదు, వాము పెరిగింది. నా స్టామ్‌కోస్‌కూ ఇదే ఊరట, 80 లక్షలంటే మొదటి ఏడు 9 శాతం, చివరి ఏడు 7 శాతం. మునిగినవాడు గడ్డిపోచను పట్టుకున్నట్టు నేను ఈ లెక్క పట్టుకుని ఉన్నాను.

నా కొలత ఒకటి చెప్తా, ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. 33 దాటినవాడికి క్యాప్‌లో 10 శాతం మించి ఇవ్వాలంటే వాడు గోల్ కొట్టడమే కాదు, పక్కన ఆడే ఇద్దరు కుర్రాళ్ళను కూడా నడిపిస్తూ ఉండాలి. అది లేకపోతే 7, 8 శాతం దగ్గర ఆగిపోండి.

రేటు కన్నా ఏండ్లు చూడండి

జీతం కాస్త ఎక్కువైతే ఒక ఏడాది నొప్పి. ఏండ్లు ఎక్కువైతే పదేండ్ల నొప్పి. దీనికి మిన్నెసోటాకు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. 2012 జూలై 4న జాక్ పరీజే, రయాన్ సూటర్ ఇద్దరికీ ఒకే రోజు చెరి 13 ఏండ్ల కాంట్రాక్ట్ రాశారు, ఒక్కొక్కరికి 9.8 కోట్ల డాలర్లు. అప్పటికి ఇద్దరికీ 27 ఏండ్లే, ముసలివాళ్ళు కూడా కాదు. 2021లో ఇద్దరినీ డబ్బిచ్చి పంపేశారు. పంపేసినా వదల్లేదు: 26 దాటిన ఆటగాణ్ని అట్లా పంపితే మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు, మిగిలిన ఏండ్లకు రెట్టింపు ఏండ్లు కట్టాలి, ఆ ఒప్పందాల్లో డబ్బంతా ముందు ఏండ్లలో కుక్కడం వల్ల క్యాప్ మీద పడ్డ భారం ఇంకా ఎక్కువైంది. 2023-24, 2024-25 సీజన్లలో ఏటా 1.47 కోట్ల డాలర్లు, తమ జట్టులో లేని ఇద్దరి పేరు మీద. 2023-24లో క్యాప్ 8.35 కోట్లు, అంటే వాములో ఆరో వంతు పైనే, కొట్టంలో లేని ఎద్దులు మేశాయి.

35 దాటినవాడితో ఇంకో తిరకాసు ఉంది. కాంట్రాక్ట్ మొదలయ్యే ముందు జూన్ 30 నాటికి 35 నిండి ఉండి, ఒకటి కన్నా ఎక్కువ ఏండ్లకు రాసి, అందులో డబ్బు ముందు ఏండ్లలోనో తర్వాతి ఏండ్ల సంతకం బోనస్‌లోనో ఎక్కువ పెట్టి ఉంటే, మధ్యలో అతను రిటైర్ అయి ఇంటికి పోయినా క్యాప్‌లో లెక్క అట్లాగే ఉంటుంది. ఒక్క ఏడాదికే రాసుకుంటే మాత్రం ఆడిన ఆటలను బట్టి, కొట్టిన గోల్స్‌ను బట్టి బోనస్ పెట్టుకునే వీలుంది. నాకు నచ్చేది ఇదే. మొండిగా ఏండ్లు అడిగే ముసలి స్టార్‌కు జీతం పెంచి ఏండ్లు తగ్గించండి. క్రాస్బీ రెండేండ్లు, లాస్ ఏంజెలెస్ అప్పటి కెప్టెన్ ఆంజె కోపిటార్ కూడా 2023లో రెండేండ్లకే, ఏడాదికి 70 లక్షలకు సంతకం పెట్టాడు. 2025-26 తన చివరి సీజన్ అని తనే ముందుగా చెప్పాడు, ఎవరి నెత్తినా భారం మిగల్లేదు.

దీనికి ఎదురుగా బ్రాడ్ మార్షాండ్ ఉన్నాడు. 37 నిండాక ఫ్లోరిడా అతనికి 6 ఏండ్లు రాసిచ్చింది, ఏడాదికి 52.5 లక్షలు, అంటే 43 ఏండ్లు వచ్చేదాకా. చదివినప్పుడు నేను కూడా వీళ్ళకు పిచ్చా అన్నాను. కానీ అది ఏండ్లు పరిచి ఏటి భారం తగ్గించుకునే ఎత్తు, అదే మొత్తం మూడేండ్లలో ఇస్తే ఏడాదికి 1.05 కోట్లు అయ్యేది. కప్పు గెలిచి, వెంటనే ఇంకో కప్పు మీద కన్నేసిన జట్టు రేపటి అప్పు చేసి ఇవాళ తినవచ్చు. మీ జట్టు ప్లేఆఫ్స్‌కే ఈదుతుంటే ఆ పని చేయకండి. అన్నట్టు, 2026 సెప్టెంబర్ నుంచి కొత్త నిబంధనల ప్రకారం సొంత ఆటగాడికైతే 7 ఏండ్లు, బయటివాడికి 6 ఏండ్లే గరిష్ఠం, అంతకుముందు అవి 8, 7.

పగ్గం ఎవరి చేతిలో ఉంది

ఇక్కడ చాలామంది బోర్లా పడతారు. స్టార్‌ను అమ్మితే రెండు మొదటి రౌండ్ పిక్‌లు (డ్రాఫ్ట్ మొదటి విడతలో కుర్రాణ్ని ఎంచుకునే వంతులు), ఒక కుర్రాడు వస్తారని లెక్కలు వేసేసుకుంటారు, తీరా చూస్తే కాంట్రాక్ట్‌లో అతని ఇష్టం లేకుండా ఎక్కడికీ పంపకూడదని రాసి ఉంటుంది. 27 ఏండ్లో, 7 సీజన్లో దాటిన ఆటగాడు ఆ రక్షణ అడగవచ్చు, పెద్ద స్టార్లందరూ అడుగుతారు. కొందరికి పూర్తి రక్షణ, కొందరికి ఫలానా పది జట్లకు పోను అనే పట్టీ. బేరం మొదలుపెట్టకముందే అది చదవండి.

షికాగోకు మూడు కప్పులు తెచ్చిన పాట్రిక్ కేన్ 2023లో న్యూయార్క్ రేంజర్స్ తప్ప ఇంకెక్కడికీ పోనన్నాడు. ఒక్కడే కొనేవాడున్న అంగడిలో ధర ఏముంటుంది? షరతుల మీద ఒక రెండో రౌండ్ పిక్, ఒక నాలుగో రౌండ్ పిక్, చెప్పుకోదగ్గది ఇంతే ముట్టింది. అంతకన్నా విచిత్రం జారోమ్ ఇగిన్లాది. 2013 మార్చిలో కాల్గరీ అతన్ని బోస్టన్‌కు పంపినట్టేనని అందరూ, బోస్టన్ మేనేజర్‌తో సహా, అనుకున్నాక పిట్స్‌బర్గ్‌కు పోతానన్నాడు. కాల్గరీకి వచ్చిన ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు, ఒక మొదటి రౌండ్ పిక్, ముగ్గురిలో ఎవరూ ఆ జట్టులో నిలదొక్కుకోలేదు. అదే బోస్టన్ రెండు నెలల తర్వాత పిట్స్‌బర్గ్‌ను వరసగా నాలుగు ఆటల్లో ఓడించింది, ఆ ఎండాకాలం ఇగిన్లా తనంతట తానే బోస్టన్‌లో చేరి 30 గోల్స్ కొట్టాడు. మనిషి మనసు, ఏం చేస్తాం.

పగ్గం ఆటగాడి చేతిలో ఉంటే మీరు చేయగలిగింది ఒక్కటే, ఏడాది ముందు కూర్చుని నేరుగా అడగడం: ఉంటావా, పోతావా, పోతే ఏ మూడు జట్లు నీకు సరే? ఒకటి కాదు, మూడు చెప్పించుకోండి.

తోలే రోజు

సంక్రాంతి పోయాక బేరగాడు మా ఇంటికి వచ్చి, తువ్వాల కింద తాత వేళ్ళు పట్టుకుని ధర చెప్పాడు. తాత చెయ్యి లాక్కున్నాడు. మృగశిర వచ్చేసరికి ఎద్దు కుంటడం మొదలైంది. అదే బేరగాడు మళ్ళీ వచ్చి, దూరం నుంచే చూసి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ధర కూడా అనలేదు.

ట్రేడ్‌కు, అంటే ఆటగాణ్ని ఇంకో జట్టుకు పంపి బదులు తీసుకోవడానికి, మంచి రోజు కాంట్రాక్ట్‌లో ఇంకా ఒక సీజన్ పైన మిగిలి ఉన్నప్పుడు, అంటే చివరి ఏడాదికి ముందు ఏడాది మార్చిలో. కొనేవాడికి రెండు ప్లేఆఫ్స్ దొరుకుతాయి కాబట్టి ధర పెడతాడు. అది దాటితే చివరి ఎండాకాలం, అదీ దాటితే చివరి మార్చి, అప్పటికి మీ చేతిలో ఉన్నది మూడు నెలల కిరాయి ఎద్దు. అదీ దాటితే జూలై 1, ఉత్త చేతులు. టాంపాకు స్టామ్‌కోస్ పోయినప్పుడు ఒక్క పిక్ కూడా రాలేదు. వాళ్ళు ఆ డబ్బు ఖాళీ చేసుకుని గెంట్‌జెల్‌ను తెచ్చుకున్నారు కాబట్టి దెబ్బ తినలేదు, అందరికీ అట్లా కలిసిరాదు.

2025లో ట్రేడ్‌లకు గడువు మార్చి 7న, అక్కడ మధ్యాహ్నం 3, మనకు తెల్లవారితే మార్చి 8, రాత్రి 1:30. నేను దుప్పట్లో ఫోన్ పట్టుకుని పడుకున్నా. మార్షాండ్ వార్త గడువు ముగిసే వేళకు వచ్చింది. బోస్టన్ కెప్టెన్, ఆ జట్టు తప్ప ఇంకో జట్టు ఎరగనివాడు, కొత్త కాంట్రాక్ట్ దగ్గర మాట కుదరక ఫ్లోరిడాకు పోయాడు. వచ్చింది ఒక రెండో రౌండ్ పిక్, ఫ్లోరిడా రెండు సిరీస్‌లు గెలిచి అతను సగం ఆటలైనా ఆడితే అది మొదటి రౌండ్ పిక్ అవుతుందని షరతు. అది అయింది, కప్పు కూడా అయింది, ఫైనల్లోనే అతను 6 గోల్స్ కొట్టాడు. బోస్టన్‌ను తిట్టినవాళ్ళు చాలామంది. నేను తిట్టను. అప్పటికి అతను దెబ్బతో కూర్చుని ఉన్నాడు, జట్టు దిగజారుతోంది, అడిగిన ఏండ్లు ఇవ్వడం వాళ్ళకు సరిపోదు. షరతు పెట్టుకోవడమే వాళ్ళు చేసిన తెలివైన పని. ముసలి స్టార్‌ను అమ్మేటప్పుడు ధర నచ్చకపోతే గొడవ పడకండి, షరతు అడగండి: గెలిస్తే ఇంత, ఆడితే ఇంత.

ఇంకో ఆయుధం సగం మేత. జీతంలో 50 శాతం దాకా మేమే కడతాం అని పంపవచ్చు, ఒక జట్టు ఒకే సమయంలో అట్లాంటివి మూడే పెట్టుకోవచ్చు. 80 లక్షల మనిషి కొనేవాడికి 40 లక్షలకే పడతాడు, కాబట్టి పిక్ ఒక మెట్టు పెరుగుతుంది. ఎలాగూ పనికిరాని సీజన్ అయితే ఈ ఖర్చు పెట్టండి, వచ్చే ఏడాది మీకే క్యాప్ ఇరుకైతే వద్దు.

కొన్నది తప్పని తెలిస్తే ఎంత తొందరగా బయటపడాలో కరోలినాను చూడండి, అక్కడ ఆటగాడు ముసలివాడు కాకపోయినా. 2025 జనవరి 24న కొలరాడో నుంచి మికో రాంటనెన్‌ను తెచ్చుకున్నారు, అతను సంతకం పెట్టడని అర్థమవగానే ఆరు వారాలకే డాలస్‌కు పంపి లోగన్ స్టాంకోవెన్‌ను, రెండు మొదటి రౌండ్, రెండు మూడో రౌండ్ పిక్‌లను తీసుకున్నారు. ఆ రాంటనెన్ మే నెలలో కొలరాడో మీదే ఏడో ఆట చివరి పీరియడ్‌లో మూడు గోల్స్ కొట్టాడు. ఆ ఆదివారం పొద్దున మా ఇంట్లో ఎవరికీ టిఫిన్ ఎప్పుడు తిన్నామో గుర్తులేదు.

ఎవరిని తోలొద్దు

అలెక్స్ ఒవెచ్కిన్‌కు 2021లో, 35 ఏండ్లప్పుడు, వాషింగ్టన్ 5 ఏండ్లు, ఏడాదికి 95 లక్షలు రాసింది. పైన నేను చెప్పిన కొలతలన్నీ పెడితే అది తప్పుడు బేరం. 2024-25లో కాలి ఎముక విరిగి 65 ఆటలే ఆడి కూడా 44 గోల్స్ కొట్టాడు, 2025 ఏప్రిల్ 6న 895వ గోల్‌తో వేన్ గ్రెట్జ్‌కీ రికార్డు దాటేశాడు. అతని ఆట మొత్తం ఒక చోట నిలబడి కొట్టే షాట్ మీదే కదా అంటే అవును, కానీ ఆ షాట్ ఎక్కడి నుంచి వస్తుందో ఊరందరికీ తెలిసి కూడా ఇరవై ఏండ్లుగా ఆపలేకపోయారు. పైగా ఆ జట్టు కొన్నది గోల్స్‌నే కాదు, రికార్డు వేటను, దాని కోసం నిండే సీట్లను కూడా. మన లీగ్‌లో సీట్లు లేవు. అందుకే ఒవెచ్కిన్‌ను చూపించి మీ 35 ఏండ్లవాడికి 5 ఏండ్లు రాయకండి, అట్లాంటివాడు మీ దగ్గర ఉంటే ఈ వ్యాసం అక్కర్లేదు కూడా.

రే బుర్క్ లాంటిది ఇంకో దారి. 1979 నుంచి బోస్టన్‌లో ఆడి కప్పు ఎరగని మనిషిని 2000 మార్చిలో, 39 ఏండ్లప్పుడు, కొలరాడోకు పంపారు, మరుసటి ఏడాది కప్పు గెలిచాడు, దాన్ని తీసుకుని బోస్టన్ వస్తే అక్కడి జనం సొంత జట్టు గెలిచినంతగా గుమికూడారు. ఆటగాడే పోతానంటే పంపండి, ధర గురించి మరీ గీచి బేరమాడకండి. మా తాత కూడా చివరికి ఆ ఎద్దును అమ్మలేదు, కొట్టంలోనే పోయింది, ఆ ఏడు కోడెకు మేత చాలక పక్క ఊరి నుంచి గడ్డి కొన్నారు. అది ఎద్దు విషయం, దానికి క్యాప్ ఆయన జేబే.

ఇవన్నీ కాగితం మీద పెట్టేది ఆగస్టులో, ఆటలు లేనప్పుడు. గరిష్ఠం ఎన్ని ఏండ్లు, క్యాప్‌లో ఎంత శాతం, ట్రేడ్ అయితే కనీసం ఏం రావాలి, ఏ తేదీ దాటితే ఇక అమ్మడమే. మూడు నాలుగు అంకెలు, ఒక తేదీ. రాసి ఫోటో తీసి మీ లీగ్‌లో నమ్మకమైన ఒక్కడికి పంపండి, ఎందుకంటే మీ స్టార్ నవంబర్‌లో వరసగా మూడు ఆటల్లో గోల్ కొట్టగానే ఆ కాగితం మీరే చింపేస్తారు. నా కాగితం మా చిన్నాయన కొడుకు దగ్గర ఉంది. అందులో స్టామ్‌కోస్ పక్కన "శివరాత్రి దాటనీయొద్దు, రెండో రౌండ్ పిక్ వస్తే తోలు" అని నా చేతిరాతే. వాడు మొన్న ఫోన్ చేసి, సగం మేత నువ్వు పెట్టు, మూడో రౌండ్ పిక్ ఇస్తా అన్నాడు. రెండో రౌండ్ కన్నా తక్కువకు కుదరదన్నాను. "సరే అన్నా, మృగశిరకు మాట్లాడుకుందాం" అని పెట్టేశాడు.